గూఢనాణెమునకు గీటురాయి

చేతికి వచ్చిన రూపాయిని రాతిపై మ్రోగించి చూచుకొనుట మన పెద్దలకు అలవాటు. ఖంగుమని పలికినది చెల్లును. మూగబోయినది ఇచ్చినవానికే తిరిగి పోవును. బంగారమునకు గీటురాయి, వెండికి మ్రోత, రాగికి తూకము: ఇట్లు ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క పరీక్ష యుండెడిది. కౌటిల్యుని అర్థశాస్త్రమున టంకసాలను నడుపుటకు లక్షణాధ్యక్షుడను అధికారియు, నాణెములను పరిశీలించుటకు రూపదర్శకుడను వేరొక అధికారియు చెప్పబడినారు. పరీక్షించినందుకు పుచ్చుకొను రుసుమునకు పారీక్షికమని పేరు. అది నూటికి అష్టమాంశము. నాణెమును అచ్చువేయువాడును దానిని పరీక్షించువాడును ఒక్కడే కారాదను సూక్ష్మము ఆ కాలముననే తెలిసియుండెనని దీనివలన మనము గ్రహింపవచ్చును.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది లోహము లేని నాణెమును గూర్చి. క్రిప్టో కరెన్సీ అను మాట నేడు పత్రికలలో తరచుగా కనబడుచున్నది. దాని వెల పెరిగినదనియు తరిగినదనియు వార్తలు వచ్చును; కొన్నవారు కొందరు మురియుదురు, కొందరు విచారింతురు. ఆ బేరసారములతో మాకు పని లేదు. ఆ నాణెములలో ఒక జాతి కలదు; ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినదియు మూడవవానికి తెలియకుండ దాచుట దాని ముఖ్యగుణము. ఇట్టి నాణెమును ప్రజలలోనికి విడుచుటకు ముందు దానిని పరీక్షించుట యెట్లు? దాచిపెట్టబడిన దానిలో కల్తీ యున్నదో లేదో చూచుట యెట్లు? ఈ ప్రశ్నకు గత నలువది సంవత్సరములలో పండితులు చెప్పిన జవాబుల కథ ఇది.

రహస్యమన్నంతనే దొంగతనము స్ఫురించుట సహజమే. కాని అంగడిలో రొక్కమిచ్చి బెల్లము కొన్నవాని పేరు ఆ రొక్కముపై వ్రాసియుండదు గదా. వైద్యునికి ఇచ్చిన సొమ్ము, గుప్తదానముగా హుండీలో వేసిన సొమ్ము, కష్టములోనున్న చెల్లెలికి అన్న పంపిన సొమ్ము, ఇవి లోకమునకు తెలియనక్కర లేనివి. చేతిరొక్కమునకు సహజముగా నున్న ఈ మరుగు, లెక్కలన్నియు కంప్యూటరునకు ఎక్కినకొలది తొలగిపోవుచున్నదని మొట్టమొదట గుర్తించినవారిలో అమెరికా దేశీయుడు డేవిడ్ చామ్ ఒకడు. ఆయన 1982లో ఒక విద్వత్సభలో చదివిన పత్రమున చూపిన ఉపాయము సులభముగా అర్థమగును. కార్బను కాగితము లోపల అంటించిన కవరులో ఒక చీటీని ఉంచి బ్యాంకునకు ఇచ్చినచో, బ్యాంకు కవరుపై సంతకము చేయును. ఆ సంతకము లోని చీటీపై పడును. కవరు చించి చీటీని తీసిన తరువాత, సంతకము తనదే యని బ్యాంకు ఒప్పుకొనవలసినదే; కాని ఆ చీటీ ఎవరు తెచ్చిన కవరులోనిదో దానికి తెలియదు. దీనినే చామ్ గణితశాస్త్రమున సాధించెను.

ఆయన ఆమ్‌స్టర్‌డామ్ నగరమున డిజీక్యాష్ అను సంస్థను నెలకొల్పి, నిజమైన ధనముతో ప్రారంభింపక ముందు ఆటసొమ్ముతో ఒక పరీక్షను నడపెను. 1994లో మొదలైన ఆ పరీక్షలో సొమ్మునకు సైబర్‌బక్స్ అని పేరు. చేరిన ప్రతివానికి నూరు చొప్పున ఉచితముగా ఇచ్చిరి. మొత్తము పది లక్షలకు మించి పుట్టింపబోమని మాట యిచ్చిరి. మరుసటి సంవత్సరము అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు మార్క్ ట్వెయిన్ బ్యాంకు ఇదే పద్ధతిని నిజమైన డాలర్లతో ప్రారంభించెను. యంత్రము చక్కగా పనిచేసినది; జనము రాలేదు. 1998లో డిజీక్యాష్ దివాలా తీసెను. గణితములోని తప్పును పరీక్ష పట్టవచ్చును గాని, జనులకు అక్కర యున్నదో లేదో ఆటసొమ్ముతో తేలదని అప్పుడే తెలిసినది.

చామ్ పద్ధతిలో నడుమ బ్యాంకు ఒకటి యుండవలెను. దొంగచీటీ వచ్చినచో పట్టుకొను బాధ్యత దానిది. 2009 జనవరి 3వ తేదీన ప్రారంభమైన బిట్‌కాయిన్ ఆ బ్యాంకునే తొలగించెను. ప్రపంచములో ఎందరెందరి యొద్దనో నున్న కంప్యూటర్లు ఒకే చిట్టాను వ్రాసికొనుచుండును. ప్రతి చెల్లింపును అందులో బహిరంగముగా ఎక్కును. ఎవరైనను మొదటినుండి చివరివరకు కూడి చూచుకొనవచ్చును. ఊరి నడుమ రచ్చబండ మీద పెట్టిన పద్దుపుస్తకము వంటి దది. పేర్లు లేవు, అంకెలే యున్నవి. కాని ఆ అంకెల వెనుకనున్న మనుష్యుని పట్టుకొనుట ఓపిక గలవానికి కష్టము కాదు. రొక్కమునకున్న మరుగు దీనికి లేదు.

బహిరంగముగా నుండుట వలన కలిగిన లాభ మొకటి చూడుడు. 2010 ఆగష్టు 15వ తేదీన ఎవరో ఆ సాఫ్ట్‌వేరులోని కూడికతప్పు నొకదానిని ఆసరా చేసికొని, ఒక్క చెల్లింపులో 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లను పుట్టించిరి. ఎన్నటికిని 2 కోట్ల 10 లక్షలకు మించరాదని నియమము గల నాణెమది! చిట్టా చూచుచున్నవారికి ఆ అంకె వెంటనే కంటబడెను. కొన్ని గంటలలోనే తప్పును సవరించిరి. ఆ దొంగపద్దు లేని క్రొత్త చిట్టాను అందరును అంగీకరించిరి. కంటికి కనబడు దొంగను పట్టుట ఎంత తేలికయో దీనివలన తెలియును. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. మరల దీనితో పని పడును.

ఆ సంవత్సరముననే బిట్‌కాయిన్ నిర్మాతలు టెస్ట్‌నెట్ అను దానిని ఏర్పాటు చేసిరి. దీనిని మనము పరీక్షాజాలమనవచ్చును. అసలు చిట్టాతో సంబంధము లేని వేరొక చిట్టా, విలువ లేని నాణెములు. క్రొత్త మార్పును ముందుగా అక్కడ నడిపి చూచి, పిమ్మట అసలు జాలమునకు తెత్తురు. క్రొత్త నటుడు నాటకమును రాత్రి ప్రదర్శనకు ముందు పగటిపూట ఖాళీ కుర్చీల యెదుట ఆడి చూచుకొనుట వంటిది. ఇందులో ఒక వింత జరిగినది. విలువ లేదని చాటి చెప్పిన ఆ ఆటనాణెములనే కొందరు నిజమైన సొమ్మునకు అమ్ముకొన నారంభించిరి. అందువలన ఆ జాలమును రద్దుచేసి మొదటినుండి మరల ప్రారంభింపవలసి వచ్చెను. మనుష్యుడు దేనినైనను బేరము పెట్టగలడు!

ఇక మరుగు గల నాణెమునకు వత్తము. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఇయాన్ మయర్స్, క్రిస్టినా గార్మన్, మాథ్యూ గ్రీన్, ఆవియెల్ రూబిన్ అను నలుగురు జీరోకాయిన్ అను పద్ధతిని ప్రకటించిరి. మరుసటి యేట ఎలీ బెన్‌సాసన్, అలెసాండ్రో కియెసా, ఎరన్ ట్రోమర్, మదర్స్ విర్జా మొదలగువారు వారిలో మువ్వురితో కలిసి జీరోక్యాష్ అను మెరుగైన పద్ధతిని వెలయించిరి. దీనికి ఆధారము 1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్ అను మువ్వురు పండితులు చూపిన శూన్యజ్ఞాన నిరూపణము. ఒక విషయము నిజమని ఎదుటివానిని నమ్మింపవలెను. ఆ విషయమును గూర్చి మరేమియు అతనికి తెలియరాదు. వినుటకు అసంభవముగా నున్నను ఇది సాధ్యమే.

సంతలోని ఒక పెద్ద త్రాసును ఊహించుకొనుడు. వర్తకుడు మూటలు తెచ్చెను. అన్నిటికిని మూతులు కట్టి లక్కముద్ర వేసియున్నది. తనకు వచ్చిన మూటలను ఒక పళ్ళెమునందును, తాను ఇతరులకు ఇయ్యబోవు మూటలను రెండవ పళ్ళెమునందును పెట్టెను. ముల్లు నడుమ నిలిచెను. మూటలలో ఎంతెంత యున్నదో మనకు తెలియదు. ఎవరికి పోవునో తెలియదు. కాని వచ్చిన దానికంటె పోవునది ఎక్కువ కాదని మాత్రము తెలిసినది. ఒకే మూటను రెండుసార్లు ఇయ్యకుండుటకు ప్రతి మూటకును ఒక రహస్య సంఖ్య యుండును. ఖర్చుపెట్టునప్పుడు అది బయటపడి చిట్టాకు ఎక్కును; అదే సంఖ్య రెండవమారు వచ్చినచో త్రోసివేయుదురు. జీరోక్యాష్ సారాంశమింతే. త్రాసు మాత్రము ఇనుపది కాదు, గణితముతో చేసినది.

ఈ త్రాసునకు ఒక చిక్కు కలదు. దానిని తయారు చేయునప్పుడు కొన్ని రహస్య సంఖ్యలు పుట్టును. వానిని తెలిసికొన్నవాడు ఏ మూటలు పెట్టినను ముల్లు నడుమ నిలుచునట్లు చేయగలడు. అనగా కోరినన్ని దొంగనాణెములను సృష్టింపగలడు. అందుచేత త్రాసు తయారైన వెంటనే ఆ సంఖ్యలను నాశనము చేయవలెను. నిర్మాతలు వానికి విషవ్యర్థమని పేరు పెట్టిరి.

ఈ పద్ధతిని ఆచరణలోనికి తెచ్చుటకు జూకో విల్‌కాక్స్ నాయకత్వమున ఒక సంస్థ ఏర్పడి, జీక్యాష్ అను నాణెమును సంకల్పించెను. 2016 జనవరిలో పరీక్షాజాలమును బహిరంగముగా ప్రారంభించిరి. ఆసక్తి గలవారు దేశదేశములనుండి తమ కంప్యూటర్లను దానికి కలిపి, విలువ లేని నాణెములను ఒకరి కొకరు పంపుకొనసాగిరి. అట్టి పరీక్షలో తెలియవలసినవి తెలిసినవి. ఒక్క గుప్తచెల్లింపును సిద్ధము చేయుటకు సామాన్యమైన కంప్యూటరు సుమారు 40 సెకనులు శ్రమపడెను. 3 గిగాబైట్లకు మించిన స్మృతిస్థలము కావలసివచ్చెను. చేతిలోని ఫోనుతో ఇది కాని పని. అందువలన మరుగు లేని సామాన్య చెల్లింపులకు కూడ అదే నాణెములో చోటిచ్చిరి. ఈ ఏర్పాటు తరువాత చిక్కు తెచ్చిపెట్టినది.

అయితే ఆ సంవత్సరమున బయటపడిన పెద్ద లోపములు పరీక్షాజాలమును నడుపుట వలన బయటపడినవి కావు. కాగితములను మరల మరల చదువుట వలన బయటపడినవి. ఒకదానిని విల్‌కాక్స్ స్వయముగా కనిపెట్టి మాయాబంగారమని పేరు పెట్టెను. ఇచ్చువాడు కపటి యైనచో రెండు మూటలకును ఒకే రహస్య సంఖ్య వచ్చునట్లు చేసి ఇయ్యవచ్చును. పుచ్చుకొన్నవాడు రెండింటిని చూచుకొని సంతోషించును. మొదటిదానిని ఖర్చుపెట్టగనే రెండవది చెల్లకుండ పోవును! గారడీవాని రూపాయి తెల్లవారగనే పెంకుముక్క అగునని మన పల్లెలలో చెప్పుకొందురే, అట్టిది.

రెండవ లోపము ఇంతకంటె గట్టిది. దానిని పట్టినవాడు టేలర్ హార్న్‌బీ. మూటపై వేయు లక్కముద్ర, లోనున్న దానినిబట్టి గణితరీత్యా ఏర్పడును. మూలపత్రమున ఆ ముద్రలోని ఒక భాగమును 128 బిట్లకు కుదించియుండిరి. అంత పొట్టి ముద్ర యైనచో, రెండును 64వ ఘాతమునకు హెచ్చించినన్ని ప్రయత్నములతో, వేరువేరు వస్తువులు గల రెండు మూటలకు ఒకే ముద్ర వచ్చునట్లు చేయవచ్చును. ఆ సంఖ్య మనకు కొండంతగా తోచును. కాని ధనవంతుడైన దొంగకు అది అసాధ్యము కాదు. ఒకే ముద్ర గల మూటను ఒకమారు ఒకటిగను మరొకమారు వేరొకటిగను చూపి రెండుసార్లు ఖర్చుపెట్టవచ్చును. ముద్రను పొడిగించి ఈ లోపమును తీర్చిరి. మూలపత్రములోని నిరూపణములలో మరికొన్ని దోషములను డెయిరా హోప్‌వుడ్ ఎత్తిచూపెను. ఎన్‌సీసీ గ్రూప్, కాయిన్‌స్పెక్ట్ అను బయటి సంస్థలచేతను సాఫ్ట్‌వేరును పరీక్ష చేయించిరి. అచ్చువేయువాడు వేరు, రూపదర్శకుడు వేరు గదా.

విడుదలకు ఒక వారము ముందు, 2016 అక్టోబరు 21, 22, 23 తేదీలలో త్రాసు తయారైనది. దానినొక క్రతువువలె నడపిరి. విషవ్యర్థమును ఒక్కని చేతిలో పెట్టక ఆరు భాగములు చేసి, వేరువేరు ప్రదేశములలో నున్న ఆరుగురికి పంచిరి. ఆరుగురును కూడబలికికొన్నగాని దొంగసంఖ్య తయారు కాదు. ఒక్కడు నిజాయితీతో తన భాగమును నాశనము చేసినను చాలును. క్రొత్త కంప్యూటర్లు కొని, వానిలోని రేడియో పరికరములను ఊడదీసి, ఏ జాలమునకును కలుపక, డీవీడీ బిళ్ళలపై లెక్కలను అందించుకొనిరి. పీటర్ టాడ్ అను నిపుణుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కారులో తిరుగుచు, కదలుచున్న బండిలోనే తన పాలు లెక్కను కట్టి, ఆ తరువాత ఆ యంత్రమును అగ్నికి ఆహుతి చేసెను. ఆరుగురిలో ఒకడు జాన్ డాబర్టిన్ అను మారుపేరుతో పాల్గొనెను. అతడు ఎడ్వర్డ్ స్నోడెన్ అని 2022లో గాని లోకమునకు తెలియలేదు.

ఈ క్రతువంతయు నియమము తప్పక జరిగినదని అందరును చూచి నమ్ముటకై, అందులో పుట్టిన లెక్కలను పూర్తిగా బహిరంగపరచిరి. ఈ మాటయు గుర్తుండవలెను.

2016 అక్టోబరు 28వ తేదీన జీక్యాష్ విడుదలయ్యెను. మొదటి 20,000 పద్దులవరకు, అనగా సుమారు నెలదినములు, క్రొత్త నాణెములు కొద్దికొద్దిగా మాత్రమే పుట్టునట్లు ఏర్పాటు చేసిరి. ఏదైన లోపమున్నచో నష్టము స్వల్పముగా నుండవలెనని వారి ఆలోచన. విడుదలైన తరువాతను పరీక్ష ముగియలేదని ఒప్పుకొనుటయే ఇది.

తోటి నాణెమునకు కలిగిన ఆపద వారి భయము ఊరక పోలేదని చూపినది. పాత జీరోకాయిన్ పద్ధతిని అనుసరించి అదే సంవత్సరము ప్రారంభమైన జీకాయిన్ అను నాణెములో, 2017 ఫిబ్రవరినాటికి సుమారు 3,70,000 దొంగనాణెములు పుట్టినవని తెలిసినది. కారణము సాఫ్ట్‌వేరులో ఒక్క అక్షరము అధికముగా పడుట. ఆ పద్ధతిలో లోనికి పోయిన నాణెములెన్నియో వెలుపలికి వచ్చినవెన్నియో లెక్క తెలియును గనుక దొంగతనము బయటపడినది; కాని అప్పటికే దొంగ చాలవరకు అమ్ముకొని వెడలిపోయెను.

ఇప్పుడు మా కథలో ముఖ్యఘట్టము వచ్చినది. 2018 మార్చి 1వ తేదీ. కరీబియన్ సముద్రములోని కురసావ్ ద్వీపమున గూఢలిపి పండితుల సభ జరుగుచుండెను. జీక్యాష్ సంస్థలో పనిచేయుచున్న ఆరియెల్ గాబిజోన్ అను గణితజ్ఞుడు, మరునాటి తన ఉపన్యాసమునకు ముందు, ఆ త్రాసునకు మూలమైన పత్రమును మరల తిరుగవేయుచు, ఒకచోట ఆగిపోయెను. త్రాసును తయారు చేయు విధానములో కొన్ని అధికాంశములు మిగిలిపోవుచున్నవి. నిజాయితీగా తూచువానికి వానితో పని లేదు. అందుచేతనే ఎవరును వానిని పట్టించుకొనలేదు. కాని యుక్తిపరుడు వానిని పళ్ళెము క్రింద దూర్చినచో ముల్లు అబద్ధమాడును. తాను కోరినన్ని నాణెములను, ఆనవాలు లేకుండ, సృష్టింపవచ్చును.

ఈ అధికాంశములు ఎక్కడ నున్నవి? క్రతువు సక్రమముగా జరిగినదని నిరూపించుటకై బహిరంగముగా పెట్టిన ఆ లెక్కలపత్రములోనే యున్నవి. శీలపరీక్షకై తెరచియుంచిన తలుపే దొంగకు దారి అయ్యెను.

ఆ మూలపత్రమును వ్రాసినవారు సామాన్యులు కారు. 2015లో బ్రయన్ పార్నో అను పండితుడు అందులో వేరొక తప్పును పట్టి సవరింపజేసెను; ఈ తప్పు ఆయన కంటబడలేదు. 2017లో ఆ పద్ధతి నిర్దుష్టమని నిరూపణము వ్రాసినవాడు గాబిజోనే. అప్పుడు ఆయన కంటను పడలేదు. పరీక్షాజాలమున వేలకొలది చెల్లింపులు నడచినవి. ఒక్కటియు దీనిని చూపలేదు. చూపుటకు వీలు లేదు కూడ. సరియైన మూటలు పెట్టినప్పుడు త్రాసు సరిగనే తూచును. తప్పుడు మూటలను సామాన్యుడు పెట్టినచో త్రోసివేయును. ఆ ఒక్క ఉపాయము నెరిగినవాడు వచ్చినప్పుడు మాత్రమే అది లొంగును. అప్పుడును బయటివారికి ముల్లు నడుమ నిలిచినట్లే కనబడును. 2010లో బిట్‌కాయిన్ చిట్టాలో కొండవలె కనబడిన దొంగ అంకె, ఇక్కడ మూటలో దాగియుండును. ధనము గలవానిని కాపాడు మరుగే దొంగను కూడ కాపాడును. ఈ జాతి నాణెమును పరీక్షించుటలో నున్న అసలు కష్టము ఇదే యని మా అభిప్రాయము.

గాబిజోన్ తన సహచరుడు షాన్ బోకు చెప్పెను. ఆయన చూచి నిజమే యనెను. జూకో విల్‌కాక్స్‌కును, నాథన్ విల్‌కాక్స్‌కును తెలిపిరి. ఈ నలుగురు తప్ప సంస్థలోని తక్కినవారికి కూడ తెలియనీయలేదు. లెక్కలపత్రమును బహిరంగస్థలమునుండి తొలగించిరి. అడిగినవారికి, పొరపాటున చెరిగిపోయినదని చెప్పిరి. అప్పటికే ఆ సంస్థ సాప్లింగ్ అను పేర ఒక పెద్ద మార్పును సిద్ధము చేయుచుండెను. చెల్లింపును కొద్ది సెకనులలో, 40 మెగాబైట్ల స్మృతితో ముగించుటకై త్రాసునే మార్చుట అందులో భాగము. క్రొత్త త్రాసులో ఈ లోపము లేదు. కావున ప్రత్యేకముగా మందు వేయక, ఆ మార్పుతోనే రోగము కుదురునట్లు ఊరకుండిరి. 2018లో సాప్లింగును పరీక్షాజాలముపై నడిపి చూచినవారు తాము పరీక్షించుచున్నది ఒక చికిత్సను అని ఎరుగరు. 2018 అక్టోబరు 28వ తేదీన అది అసలు జాలమున అమలయ్యెను. విడుదలైన దినమునుండి సరిగా రెండు సంవత్సరములు తలుపు తెరచియే యుండెనన్నమాట.

నవంబరులో, ఇదే త్రాసును వాడుచున్న హొరైజెన్, కొమోడో అను ఇతర నాణెములవారికి రహస్యముగా తెలియజేసిరి. 2019 ఫిబ్రవరి 5వ తేదీన లోకమునకు అంతయు వెల్లడించిరి. దొంగతనము జరిగినట్లు ఆనవాలు లేదని చెప్పిరి.

వారు చేసినది తగునా? ఇందు రెండు పక్షములు కలవు. చెప్పినచో ఆ నిమిషమున దొంగలందరు పరుగెత్తి వచ్చెడివారు. నాణెము నమ్మి దాచుకొన్న సామాన్యులు మునిగియుందురు. చెప్పకున్నందున ఆ ఎనిమిది నెలలును ఆ నాణెమును కొన్నవారు లోపమున్నదని తెలియకయే కొనిరి. ఎవరినిగాని నమ్మనక్కర లేదని చాటిన నాణెము, ఎనిమిది నెలలు నలుగురి మౌనముపై నిలిచినది. మౌనము వహించుట తప్పనిసరి యని మేము ఒప్పుకొందుము. నీళ్ళలో మొసలి యున్నదని ఒడ్డున తెలిసినవాడు ముందుగా మొసలిని కట్టవలెను. కాని పత్రము పొరపాటున పోయినదని అబద్ధమాడుట మాకు రుచింపదు. నిజమును తరువాత తామే ఒప్పుకొనిరి గనుకను, ఆరుగురియొద్ద నుండిన డీవీడీ బిళ్ళలనుండి ఆ పత్రమును మరల కూర్చి ప్రకటించిరి గనుకను, ఆ మచ్చ కొంతవరకు చెరిగినది.

లోపములేని త్రాసు వచ్చినను, మరుగు సంపూర్ణముగా లభించినదనుటకు వీలు లేదు. 2018లోనే లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు జీక్యాష్ చిట్టాను పరిశీలించి, జనులు దానిని వాడుకొను తీరు వలన మరుగు చాలవరకు పలుచనైనదని చూపిరి. పలువురు సామాన్య చెల్లింపులే చేయుచుండిరి. గుప్తముగా లోనికి పంపిన మొత్తమునే కొద్దిసేపటికి వెలుపలికి తెచ్చుకొన్నవారు మరికొందరు. తిరునాళ్ళ గుంపులో దాగవచ్చును గాని ఇద్దరున్న వీధిలో ముసుగు వేసికొని ప్రయోజనమేమి? ఈ గుంపును పరీక్షాజాలమున కల్పించుట సాధ్యము కాదు. దాచుకొనవలసినది ఏమియు లేని ఆటసొమ్ముతో మనుష్యుడు దాచుకొనువాని వలె నడువడు.

తరువాతి కాలమున త్రాసును మరల మార్చిరి. 2022 మే 31వ తేదీన అమలైన మార్పులో, విషవ్యర్థము పుట్టనే పుట్టని క్రొత్త పద్ధతి వచ్చెను. దానికి హేలో 2 అని పేరు. దానిని రూపొందించుటలో మునుపు చెప్పిన షాన్ బో ప్రముఖుడు. క్రతువుతో పని లేదు, కంప్యూటర్లను కాల్చనక్కర లేదు. ఈ మార్పును పరీక్షాజాలముపై ఒకసారి అమలు జరిపి, పిమ్మట సవరణలు అవసరమై, మరల రెండవమారు అమలు జరుపవలసివచ్చినది. ఆలస్యమైనదని విసుగుకొన్నవారు లేకపోలేదు. మాకు మాత్రము అది మంచి శకునముగనే తోచినది.

క్రొత్త త్రాసు సంగతి అట్లుండగా, ఆ రెండు సంవత్సరములలో పాత త్రాసుపై తూగిన నాణెముల సంగతి ఏమి? వానిలో దొంగవి యున్నవో లేవో మూటలు విప్పి చూచుటకు వీలు లేదు. దీనికి ఆ నిర్మాతలు పన్నిన ఉపాయము మిక్కిలి సరళమైనది. పాత గుప్తచెల్లింపులన్నియు ఒక గదిలోని వనుకొందము. గదిలోపల చీకటి, ద్వారమువద్ద మాత్రము వెలుగున్నది. లోనికి ఎంత సొమ్ము పోయినదో, వెలుపలికి ఎంత వచ్చినదో ద్వారమున అందరును లెక్కింపవచ్చును. పాత గదినుండి క్రొత్త గదికి పోదలచినవాడు ఆ ద్వారముగుండ, సొమ్ము ఎంతయో చూపించుచు పోవలెను. పోయినదానికంటె వచ్చినది ఎక్కువయ్యెనా, లోపల దొంగటంకసాల యున్నట్లే. 2019లో దీనినొక కట్టడిగా చేసిరి: గదిలోని నిలువ సున్నకు దిగువకు పోవునట్టి పద్దు ఏదైనను చెల్లదు. 2020 నవంబరు 18వ తేదీనుండి ఆ పాత గదిలోనికి క్రొత్తగా సొమ్ము పోనీయకుండ కట్టడి చేసిరి. వచ్చుటయే తప్ప పోవుట లేదు.

ఈ కట్టడి వలన దొంగసొమ్ము లోకమున వ్యాపింపకుండ ఆగును, నిజమే. కాని గదిలో దొంగసొమ్ము ఉండియుండినచో, ముందుగా వెలుపలికి వచ్చినవాడు దొంగయైనను దొరయైనను తన మొత్తమును తీసికొని పోవును. నిలువ సున్నకు వచ్చిన తరువాత ద్వారము మూయబడును. అప్పటికిని లోపలనున్నవాడు, ఎంత నిజాయితీపరుడైనను, మూట చేతబట్టుకొని నిలువవలసినదే. పాత గదిలోనికి ప్రవేశము ఆగిన నాటికి అందులో కొంత సొమ్ము మిగిలియుండెను. అది తాళపుచెవులు పోగొట్టుకొన్నవారిదో, మరచినవారిదో, ఇంకను తొందరలేదని ఊరకున్నవారిదో, ద్వారమువద్ద లెక్కించువానికి తెలియదు.